ఊళ్లో ఉన్న అమ్మానాన్నల కోసం ఇన్వర్టర్ బల్బు కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

మా అమ్మకు 78 ఏళ్లు. బాపట్ల దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది, మా దగ్గరికి రమ్మంటే రాదు. కరెంటు పోతే చీకట్లో తడుముకుంటుందని లోపలే బ్యాటరీ ఉండే ఇన్వర్టర్ బల్బులు మూడు ఆన్‌లైన్‌లో తెప్పించాను, మూడూ కలిపి 849 రూపాయలు. కరెంటు పోగానే దానంతటదే వెలుగుతుంది, 4 గంటల బ్యాకప్, ఇంట్లో పెద్దవాళ్లకు బెస్ట్ అని రాశాడు అమ్మేవాడు. ముందు హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లోనే బిగించి, మెయిన్ దించి చూశా. టక్కున వెలిగింది. ఆ ధైర్యంతో ఊరు తీసుకెళ్లి హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, బాత్రూమ్‌కు వెళ్లే వసారాలో ఒకటి పెట్టి వచ్చేశా.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా, దానికి ముందు రాత్రి సంగతి ఇది. గాలీవానా మొదలవగానే అమ్మ ఎప్పటిలాగే పిడుగుల భయంతో టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు పీకేసి, ఫ్యాన్లు ఆపేసి, మెయిన్ కట్టేసింది. వసారా బల్బు స్విచ్ మాత్రం నేను చెప్పానని వేసే ఉంచింది పాపం. మెయిన్ కట్టగానే బల్బు ఆరిపోయిందట. పడుకునే వేళే కదా, ఆరితే మంచిదే, కావాల్సినప్పుడు వెలుగుతుందిలే అనుకుందట. అర్ధరాత్రి దాటాక బాత్రూమ్‌కని లేచి ఆ స్విచ్ ఎన్నిసార్లు నొక్కినా వెలగలేదు. అగ్గిపెట్టె కోసం వంటింట్లోకి వెళ్తూ గడప తట్టుకుని పడింది. మణికట్టు దగ్గర ఎముక చిట్లి ఆరు వారాలు కట్టుతో ఉంది.

దారులు తెరిచాక ఊరెళ్లి చూశాను. అప్పటికీ కరెంటు లేదు, మెయిన్ కూడా కట్టేసే ఉంది. బల్బు పాడైందనే అనుకున్నా. తీసి చేత్తో పట్టుకుంటే, అమ్మకం వీడియోల్లో చూపిస్తారే అలాగే, చక్కగా వెలిగింది! మళ్లీ హోల్డర్లో పెడితే చీకటి. విసుగొచ్చి పక్కనున్న ఫ్యాన్ స్విచ్ వేశాను. ఫ్యాన్ తిరగలేదు గానీ బల్బు వెలిగింది. ఫ్యాన్ స్విచ్ తీస్తే బల్బు ఆరింది. నాలుగైదు సార్లు అలాగే వేసి తీసి చూశా, ప్రతిసారీ అంతే.

తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను అడిగితే అప్పుడు అర్థమైంది. కరెంటు పోయిందా, మనమే స్విచ్ ఆపామా అన్నది ఈ బల్బుకు నేరుగా తెలియదు. తన రెండు పిన్నుల మధ్య బయట ఏదైనా దారి ఉందా అని చూసుకుంటుంది. ఇంట్లో ఫ్యానో ఫ్రిజ్జో ఆన్‌లో ఉన్నా, మెయిన్ వేసి ఉండి వీధి లైను కలిసి ఉన్నా దారి ఉన్నట్టే, కరెంటు పోయిందనుకుని వెలుగుతుంది. చేత్తో పట్టుకుంటే మన ఒళ్లే ఆ దారి. ప్లగ్గులన్నీ పీకి మెయిన్ కూడా కట్టేస్తే దారి తెగిపోతుంది, ఎవరో స్విచ్ ఆపారనుకుని ఊరుకుంటుంది. మా ఫ్లాట్‌లో టెస్ట్ చేసినప్పుడు ఫ్రిజ్, ఫ్యాన్లు అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి, అందుకే నేను మోసపోయా. తుపాను రాత్రి ప్లగ్గులు పీకి మెయిన్ కట్టేసే ముసలమ్మకు ఇది బెస్ట్ ఎలా అవుతుంది?

ఛార్జింగ్ ఇంకో గొడవ. నిండడానికి 8 నుంచి 10 గంటలు పడుతుందని డబ్బా మీదే ఉంది, అంటే అంతసేపూ స్విచ్ వేసి ఉండాలి. బిల్లు భయంతో గదిలోంచి బయటికొస్తూ స్విచ్ తీసేసే తరం వాళ్లది. హాల్లో బల్బు రోజుకు మూడు గంటలు కూడా వెలగదు, ఇక ఎప్పుడు నిండుతుంది? 4 గంటల బ్యాకప్ లెక్కా చూడండి. బ్యాటరీ 2200 ఎంఏహెచ్, అంటే 2.2 ఆంపియర్ అవర్లు, దాన్ని 3.7 వోల్టులతో గుణిస్తే దాదాపు 8 వాట్ అవర్లు. బల్బు పూర్తిగా 9 వాట్లతో వెలిగితే గంట కూడా రాదు. కాబట్టి 4 గంటలు వచ్చేది 2 వాట్ల గుడ్డి వెలుగే. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లకు దాంట్లో గడప ఏం కనిపిస్తుంది?

అమ్మినవాడికి రాస్తే, ఇది మీ వాడకంలో తప్పు, పైగా 7 రోజుల రిటర్న్ గడువు దాటింది అన్నాడు. బల్బు మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు కూడా లేదని నాకు ఆ తర్వాత గానీ తట్టలేదు. మీరు ఏది కొన్నా ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోండి. నంబరున్నా ఈ మెయిన్ గొడవ మాత్రం పోదు, దాని తత్వమే అంత. కాబట్టి గడువు లోపలే, వాడబోయే ఇంట్లోనే, మీ పెద్దవాళ్లు ఎలా ఆపుతారో అలాగే అన్నీ ఆపి చూడండి. నేను చేయనిది అదే.

ఇప్పుడు అమ్మ మంచం కోడుకు పాత చీర పేలికతో మామూలు టార్చి కట్టాం. పెద్ద బటన్, డ్రై సెల్స్. లోపల కారకుండా నెలకోసారి తీసి చూడమని పక్కింటి పిల్లాడికి చెప్పా. వసారా బల్బు తీయలేదు, మామూలు కరెంటు కోతకు పనికొస్తుంది, ఎవరూ ఆపకుండా స్విచ్ మీద టేపు వేశా.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాక 849 వెనక్కి వచ్చాయి. ఎక్స్‌రేకూ కట్టుకూ అయినదాని ఊసే లేదు. ఆ టేపు కూడా అమ్మ పీకేసిందని నిన్న ఫోన్లో తెలిసింది, పగలంతా లైటు వెలగడమేంటట!