హైదరాబాద్ ఎండకీ ముసురుకీ మధ్య నాన్-అరోమాటిక్ పైపు పొగాకు: వాడి, దాచి చూశాక

సెంటు కలపని పైపు పొగాకు హైదరాబాద్‌లో కాల్చేవాళ్ళు డబ్బా మీది పేరు కంటే లోపలి తేమను ముందు చూసుకోవాలి. అదే ఫ్లేక్ (ఒత్తి పలకలుగా కోసిన పొగాకు) మే నెలలో ఒకలా కాలుతుంది, ఆగస్టులో ఇంకోలా కాలుతుంది. వర్జీనియా, లటాకియా, పెరీక్, బర్లీ అనే ఆకుల మిశ్రమాలను ఏళ్ళ తరబడి ఇక్కడే దాచి, ఇక్కడే వాడితే స్పష్టంగా తేలేది ఇదే: బాగాలేదని పక్కన పెట్టేసిన పొగాకుల్లో సగానికి పైగా నిజానికి తడిగా ఉన్నవో, ఎండిపోయినవో. ఆకులో తప్పు లేదు.

నాన్-అరోమాటిక్ అంటే ఏమీ కలపనిదని అర్థం కాదు. ఆకును కోసేముందు చక్కెర, అతిమధురం లాంటివి కొద్దిగా పట్టించడం చాలా కంపెనీలు చేసేదే. దాన్ని కేసింగ్ అంటారు. ఆకు ఘాటును సర్దడానికే తప్ప అది వాసన కోసం కాదు. చివర్లో వెనిల్లా, చెర్రీ, రమ్ము లాంటి ఎసెన్సు చల్లితే అది టాపింగ్. టాపింగ్ పట్టినవే అరోమాటిక్‌లు. వాటిలో చాలావరకు ప్రొపిలీన్ గ్లైకాల్ ఉంటుంది, అందుకే డబ్బా తెరిచి నెలలైనా జిగటగానే ఉంటాయి. సెంటు లేనివాటికి ఆ కాపు లేదు. చుట్టూ ఉన్న గాలి ఎలా ఉంటే అలా మారిపోతాయి. ఇక్కడి గాలి ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో 30 శాతం తేమ దగ్గరుండి, ఆగస్టు ఉదయాల్లో 80 దాటుతుంది. ఇంగ్లండులోనో డెన్మార్కులోనో ఉండేవాళ్ళు చెప్పే ఆరబెట్టే సమయాలు మనకు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

ముందు వర్జీనియా. తెలుగువాళ్ళకు ఇది పరాయి ఆకు కాదు. ప్రకాశం జిల్లాలోనూ, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపునా బ్యారన్లలో, అంటే వేడి పెట్టే గదుల్లో, ఆరబెట్టే ఆకు ఈ రకమే. బ్యారన్‌లో వేడి గొట్టాల ద్వారా 35 డిగ్రీల దగ్గర మొదలై చివరికి 70 దాకా పెరుగుతుంది. వారం లోపే ఆకు ఆరిపోతుంది కాబట్టి అందులోని చక్కెర అలాగే నిలిచిపోతుంది. బర్లీని నీడలో వారాల తరబడి వేలాడదీస్తారు. ఆకు వెంటనే చావదు, మెల్లగా ఆరుతూ తన చక్కెరను తానే తినేస్తుంది. వర్జీనియాలో తీపి, బర్లీలో ఎండు గింజల రుచి రావడానికి మూలం ఇక్కడే ఉంది. గబగబా పీలిస్తే వర్జీనియా నాలుకను కొరకడానికి కూడా ఆ చక్కెరే ఒక కారణం. తడి ఆకు కాలేటప్పుడు వచ్చే ఆవిరి ఆ మంటను రెట్టింపు చేస్తుంది.

సామ్యుయెల్ గావిత్ కంపెనీ వాళ్ళ ఫుల్ వర్జీనియా ఫ్లేక్ ఈ జాతిలో నా మొదటి ఎంపిక. ముదురు గోధుమ రంగు పలకలు, ఎండు ద్రాక్ష, ఉడికించిన పండ్ల వాసన, చివరిదాకా నెమ్మదైన తీపి. అయితే ఇంగ్లండులోని కెండల్ పట్టణం నుంచి వచ్చే ఫ్లేక్‌లు చాలా తడిగా వస్తాయి. డబ్బా తెరిచి నేరుగా పైపులో పెడితే పదే పదే ఆరిపోతుంది, గొట్టంలో నీళ్ళు గుడగుడమంటాయి, నాలుక మండుతుంది. రెండు పలకలు, అంటే సుమారు 3 గ్రాములు, కాగితం మీద పరిచి ఆరబెట్టాలి. వేసవిలో ఫ్యాను కింద 15 నిమిషాలు చాలు. ముసురు పట్టినప్పుడు రెండు గంటలైనా ఆరదు. అప్పుడు ఏసీ గదిలో గంటసేపు ఉంచితే పని అవుతుంది, ఏసీ గాలిలో తేమ లాగేస్తుంది కాబట్టి. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. పైన పెళుసై లోపల తడి అలాగే ఉంటుంది, వాసన ఆవిరితో పోతుంది.

ఆరిన పలకను పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, కొద్దిగా మెలితిప్పి, పోగులు నిలువుగా వచ్చేలా పైపు గిన్నెలోకి దించాలి. పై అంచు నుంచి 3, 4 మిల్లీమీటర్లు ఖాళీ వదిలి, నలిపిన పొడిని పైన చల్లితే అంటుకోవడం తేలిక. వెలిగించకముందే పీల్చి చూడాలి. గాలి తేలిగ్గా, కాస్త అడ్డుపడుతూ రావాలి. ఏమీ అడ్డం లేకపోతే వదులుగా కూరినట్టు, బుగ్గలు లోపలికి పోతే బిగువుగా కూరినట్టు. మొదటిసారి వెలిగిస్తే ఆకు పైకి ఉబ్బుతుంది. ఆకును అదిమే చిన్న పనిముట్టు ట్యాంపర్‌తో దాని బరువు మాత్రమే పడేలా అదిమి మళ్ళీ వెలిగించాలి. తిరిగే ఫ్యాను కింద కూర్చుంటే నిప్పు దానంతట అదే రాజుకుని గిన్నె వేడెక్కుతుంది. గిన్నెను చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే పక్కన పెట్టి చల్లారనివ్వాలి. వేడిగా ఉండగా గొట్టం ఊడదీస్తే అతుకు వదులవుతుంది, ఒక్కోసారి చీలుతుంది.

లటాకియా సంగతి వేరు. సిరియా రేవు పేరు పెట్టుకున్నా, ఇప్పుడు డబ్బాల్లో వచ్చేది ప్రధానంగా సైప్రస్ ఆకు. ఎండబెట్టిన ఆకును కట్టెల పొగ మీద నల్లబడేదాకా ఉంచుతారు. ఆ ఆకు పడే మూడు మిశ్రమాలు చూద్దాం. ఎర్లీ మార్నింగ్ పైప్‌లో లటాకియా తక్కువ, ఓరియంటల్ (టర్కీ వైపు పండే చిన్న ఆకు) పులుపు ఎక్కువ. స్క్వాడ్రన్ లీడర్‌లో వర్జీనియా తీపి, పొగ వాసన సమంగా కలిసి ఉంటాయి. ఇంట్లో ఒకే ఒక్క లటాకియా మిశ్రమం ఉంచుకోవాలంటే నేను దీన్నే ఉంచుకుంటాను. నైట్‌క్యాప్‌లో పెరీక్ కూడా పడుతుంది, బరువైనది. ఖాళీ కడుపుతో కాలిస్తే తల తిరుగుతుంది, భోజనం అయ్యాకే మంచిది. ఎర్లీ మార్నింగ్ పైప్, నైట్‌క్యాప్ ఇదివరకు డన్‌హిల్ పేరుతో వచ్చేవి. 2018లో డన్‌హిల్ పైపు పొగాకు ఆగిపోయాక పీటర్సన్ పేరుతో వస్తున్నాయి. పాత డబ్బా అని ఎక్కువ ధర చెబితే తొందరపడొద్దు. లటాకియా ఏళ్ళు గడిచేకొద్దీ మెత్తబడుతుంది, ఆ పొగ ఘాటు కోసమే కొనేవాళ్ళకు పాతది నష్టం.

లటాకియా కాల్చిన పైపులో వర్జీనియా వేస్తే వర్జీనియా కనిపించదు. ఆ వాసన పైపు చేసే బ్రయర్ కొయ్యకూ, లోపల పట్టిన మసి పొరకూ అంటి ఉంటుంది. దీనికి విడిగా ఒక పైపు కేటాయించడం తప్పదు. కెండల్ వాళ్ళ పూల వాసన పొగాకులు ఇంకా మొండివి. అవి నాన్-అరోమాటిక్ వరసలో అమ్మకానికి కనిపించినా గులాబీ, టాంకా గింజల లాంటి పరిమళం పట్టించినవే. సబ్బు వాసనలా అనిపించవచ్చు. ఆ వాసన గాజు సీసా మూతకు పడితే మూత మార్చాల్సిందే.

పెరీక్ అమెరికాలోని లూసియానా రాష్ట్రం, సెయింట్ జేమ్స్ ప్రాంతపు ఆకు. పీపాల్లో ఒత్తిడి పెట్టి నెలల తరబడి పులియబెడతారు. మిరియాల ఘాటు, ఎండిన అత్తి పండు రుచి. ఎస్కుడో అనే మిశ్రమంలో ఇది వర్జీనియాతో కలిసి నాణేల్లాంటి బిళ్ళలుగా వస్తుంది. రెండు మూడు బిళ్ళలు నలిపి కాలిస్తే చాలు. బర్లీకి సోలానీ ఏజ్డ్ బర్లీ ఫ్లేక్ బాగుంటుంది. నెమ్మదిగా కాలుతుంది, నాలుకను కొరకడం తక్కువ, నికొటిన్ మాత్రం గట్టిగానే తగులుతుంది.

ఇప్పుడు తేమ లెక్క. కాల్చడానికి ఆకు బరువులో నీళ్ళు 13 శాతం దగ్గర ఉంటే బాగుంటుంది. వేళ్ళ మధ్య నొక్కి వదిలితే ముద్దలా అతుక్కుంటే తడి, పొడి రాలితే ఎండింది, మెల్లగా విచ్చుకుంటే సరిపోయింది. నగల వాళ్ళు వాడేలాంటి 0.1 గ్రాము దాకా చూపే చిన్న త్రాసు ఉంటే ఇంకా కచ్చితంగా తేలుతుంది. 20 శాతం తేమ ఉన్న 50 గ్రాముల డబ్బాలో నీళ్ళు 10 గ్రాములు, ఎండు ఆకు 40. అది 13 శాతానికి రావాలంటే మొత్తం బరువు 46 గ్రాములకు దిగాలి, అంటే 4 గ్రాముల నీళ్ళు పోవాలి. ఒక పూటకు తీసిన 3 గ్రాములైతే పావు గ్రాము తగ్గితే చాలు. త్రాసు మీద ఆ పావు గ్రాము తగ్గడం చూసి ఆపడం గడియారం చూసి ఆపడం కంటే నయం, ఏ కాలమైనా.

దాచడానికి గాజు సీసాలే సరి. జిప్ కవర్లు, పాలిథిన్ సంచులు గాలిని కొద్దికొద్దిగా వదులుతాయి. మే నెలలో వారాల్లోనే ఆకు గలగలలాడుతుంది. 50 గ్రాములకు 250 మిల్లీలీటర్లు, 100 గ్రాములకు 500 మిల్లీలీటర్ల సీసా సరిపోతుంది. పెద్ద సీసాలో కొంచెం పొగాకు పెట్టొద్దు, మిగిలిన గాలి ఆకు తేమను తీసుకుంటుంది. నలగకుండా అదిమి మెడ దాకా నింపాలి. రెండు ముక్కల మూత ఉండే మేసన్ సీసాలు ఉత్తమం. బేగంబజార్‌లో దొరికే తీగ బిగింపు సీసాలు కూడా పనిచేస్తాయి గాని, వాటి రబ్బరు రింగు మన వేడికి గట్టిపడి బీటలిస్తుంది, అప్పుడప్పుడు గోటితో నొక్కి చూసి మార్చాలి. పచ్చడి పెట్టిన సీసాలు ఎంత కడిగినా వద్దు. గాజు శుభ్రపడుతుంది, మూత లోపలి పూతకు పట్టిన ఇంగువ, ఆవ వాసన పోదు.

కొత్త సీసాను మూతపెట్టి గోరువెచ్చని నీళ్ళ బకెట్లో ముంచాలి. లోపలి గాలి వ్యాకోచించి మూత పక్కన బుడగలు వస్తే అది కారుతున్నట్టే. ఈ పరీక్షలో నిలవని సీసాలను పప్పులకు వాడుకోవచ్చు. తర్వాత కడిగి, రోజంతా ఎండలో ఆరబెట్టాలి, మూత గాడిలో ఒక్క చుక్క మిగిలినా బూజుకు అదే చాలు. నింపి బిగించాక సీసాతో సహా తూచి ఆ బరువు, పేరు, తేదీ చీటీ మీద రాసి అంటించండి. నెల తర్వాత 1 గ్రాము తగ్గిందంటే మూత పోయినట్టు. వాక్యూమ్ చేయొద్దు, వర్జీనియా లోలోపల మగ్గడానికి ఆ కాస్త గాలి కావాలి. ఫ్రిజ్‌లోనూ పెట్టొద్దు, చల్లని సీసా తెరిచిన ప్రతిసారీ ఆకు మీద చెమట పడుతుంది.

ఇంట్లో చోటు ఎంచడం సీసా ఎంచడమంత ముఖ్యం. పై అంతస్తులో పడమటి గోడకున్న అలమర, వంటింటి అటక రెండూ వద్దు. వేసవిలో అటక మీద స్లాబు వేడి రాత్రికి కూడా దిగదు. లోపలి గదిలో, వెలుతురు పడని, నేలకు దగ్గరి అర మంచిది. బట్టల బీరువాలో పెడితే కలరా ఉండలు లేకుండా చూసుకోవాలి, అగరొత్తుల డబ్బా పక్కన కూడా వద్దు. సీసా తెరిచి మూసే ఆ కాసేపట్లోనే ఆ వాసనలు పడతాయి.

తెరవని రేకు డబ్బాలు శాశ్వతం అనుకోవద్దు. వాన కాలంలో సిమెంటు గూట్లో పెడితే అడుగు అంచు తుప్పు పట్టి, కంటికి కనిపించని రంధ్రం పడి, లోపల ఆకు ఎండిపోతుంది. చదరపు డబ్బాలు గుండ్రటి వాటికంటే త్వరగా గాలి పట్టు వదులుతాయి. మూత మీద వేలితో నొక్కితే లోపలికి దిగి టక్కున లేస్తుంటే పట్టు పోయినట్టు, వెంటనే సీసాలోకి మార్చాలి.

ఎండిపోయిన పొగాకును తిరిగి లేపవచ్చు, కానీ మెల్లగా. 9 శాతానికి పడిపోయిన 40 గ్రాములకు 13 శాతం రావాలంటే 1.8 గ్రాముల నీళ్ళు కావాలి. నేరుగా నీళ్ళు చల్లితే ఒకచోట తడి, ఒకచోట పొడిగా మిగిలి బూజు పడుతుంది. రంగు, నునుపు పూత లేని మట్టికుండ పెంకును మరిగించి ఆరబెట్టి, తూచి, శుద్ధ జలంలో 20 నిమిషాలు నానబెట్టి, తుడిచి మళ్ళీ తూస్తే అది ఎన్ని నీళ్ళు పట్టిందో తెలుస్తుంది. దాన్ని చిన్న రేకు మీద ఉంచి సీసాలో రెండు రోజులు పెట్టి, మధ్యలో ఒకసారి ఆకు కలిపి, లెక్కకు వచ్చిన వెంటనే తీసేయాలి. బంగాళాదుంప ముక్కలు, నారింజ తొక్కలు పెట్టే అలవాటు మానుకోవాలి, అవి బూజును తెచ్చిపెడతాయి. రోజూ తెరిచే సీసాలో గాలి తేమను 62 శాతం దగ్గర నిలిపే బోవెడా ప్యాకెట్టు పెడితే ఉపయోగం, కదపకుండా దాచేవాటికి అక్కర్లేదు. చుట్టల కోసం వచ్చే 69, 72 ప్యాకెట్లు ఇక్కడ వాడొద్దు.

పాత వర్జీనియా పలకల మీద మెరిసే తెల్లటి రవ్వలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, లెన్సులో చూస్తే గాజు ముక్కల్లా మెరుస్తాయి. మెరుపు లేకుండా దూదిలా నూగు లేచి, తడి గోడ వాసన వస్తే బూజు. ఆ ముక్క తీసేసి మిగతాది కాలుద్దామనుకోవద్దు. సీసా మొత్తం పారేయాలి, మూత కూడా.

పైపు పొగ గుండెల్లోకి పీల్చకపోయినా నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు ఉంటుంది. సురక్షితమైన పొగాకు ఏదీ లేదు. అలవాటు లేనివాళ్ళు మొదలుపెట్టడానికి ఈ సమీక్ష కారణం కాకూడదు. మన దేశంలో చట్టప్రకారం అమ్మే పొగాకు ప్యాకెట్టు మీద 85 శాతం మేర బొమ్మల హెచ్చరిక ఉండాలి. అది లేని డబ్బా ఏ దారిలో, ఎంత వేడిలో వచ్చిందో తెలియదు.

ఇప్పటికే కాల్చేవాళ్ళు కొత్త మిశ్రమాన్ని 50 గ్రాములకు మించి కొనొద్దు. దాచాలనుకుంటే వర్జీనియా, వర్జీనియా-పెరీక్ ఫ్లేక్‌లనే దాచండి. ఏళ్ళు గడిస్తే రంగు ముదిరి, పదును తగ్గి, తీపి పెరుగుతుంది. బర్లీ పెద్దగా మారదు, లటాకియాను మూడు నాలుగేళ్ళలోపు వాడేయడం మంచిది. కొనడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. దారిలో ఆకు ఉడకదు, సీసాలోకి మార్చేటప్పుడు గాలిలో తేమ కూడా అటూ ఇటూ పోకుండా ఉంటుంది.