కొవ్వు శాతం చూపే వెయింగ్ మెషీన్‌తో 22 నెలలు

బరువు చూపించే విషయంలో ఈ మెషీన్ మీద నాకు ఫిర్యాదు లేదు. నా కోపమంతా బరువు తరువాత ఐదారు క్షణాలకు వెలిగే రెండో అంకె మీద, అంటే కొవ్వు శాతం మీదే. వయసు 44, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చిన శరీరం నాది. బరువు పెద్దగా మారకుండానే కొవ్వు కరిగి కండ పెరగాలని 2023 ఆగస్టులో కూకట్‌పల్లిలో మా ఇంటి దగ్గరి జిమ్‌లో చేరాను. ఈ దారిలో ఉన్న చిక్కేమిటంటే, నెలల తరబడి కష్టపడినా తూకంలో తేడా కనిపించదు. మనసు నిలబడాలంటే వేరే అంకె ఏదో కావాలి. ఆ అంకె కోసమే దీనిని కొన్నాను.

మొదటి మూడు నెలలు నాకు ఇది ఎంతగా నచ్చిందంటే, ఆఫీసులో ఇద్దరి చేత కూడా కొనిపించాను. వారం వారం కొవ్వు శాతం కొద్దికొద్దిగా దిగుతుంటే తెల్లవారుజామున ఐదున్నరకు అలారం అవసరం లేకుండానే మెలకువ వచ్చేది. అయితే, తూకాన్ని రాత్రి భోజనం తరువాతి నుంచి పొద్దున్న పరగడుపుకు మార్చుకున్నది కూడా ఆ నెలల్లోనే. వేళ మారాక ఆ అంకెలు నా కష్టాన్ని ఎంత సరిగ్గా చూపాయో ఇప్పుడు చెప్పలేను.

అసలు దెబ్బ 2024 సంక్రాంతికి తగిలింది. కోనసీమలో మా ఊళ్లో నాలుగు రోజులు గడిపి, దారిలో ఇబ్బంది ఉండకూడదని రాత్రంతా నీళ్లు తాగకుండా బస్సులో కూర్చుని, ఇంటికి చేరగానే చెప్పులు విడిచి తిన్నగా మెషీన్ ఎక్కాను. పండుగకు ముందు 77.7 కిలోలు, 24.9 శాతం ఉన్నవాణ్ని ఇప్పుడు 79.6 కిలోలు, 27.6 శాతం. ఐదు నెలల శ్రమ అరిసెల పాలైందనుకుని ఆ రోజు జిమ్‌కు వెళ్లలేదు. మరునాడూ వెళ్లలేదు. అలా 11 రోజులు గడిచాయి. రోజూ పొద్దున్నే దాని మీద నిలబడి మొహం మాడ్చుకోవడం చూసి మా ఆవిడ, "ఏమండీ, దాని బ్యాటరీలు తీసి టీవీ రిమోట్‌లో వేయనా? అదైనా పనిచేస్తుంది" అంది.

ఆవిడ ఆ మాట అన్న రోజే కాగితం మీద ఒక లెక్క వేశాను. ఆ అంకెలు నిజమైతే నాలుగు రోజుల్లో నాకు సుమారు 2.6 కిలోల కొవ్వు చేరి ఉండాలి. కిలో కొవ్వుకు దాదాపు 7,700 కేలరీలు కాబట్టి, నేను మామూలుగా తినేదానికి పైన రోజుకు 5,000 కేలరీలు అదనంగా తిని ఉండాలి. అరిసె ఒక్కంటికి 200 వేసుకున్నా, భోజనం కాక రోజుకు పాతిక అరిసెలు! మా అమ్మ ఎంత కొసరి వడ్డించినా అది నా వల్ల అయ్యే పని కాదు. పెరిగిన బరువులో ఎక్కువ భాగం ఉప్పూ పిండిపదార్థాలూ పట్టి ఉంచిన నీరు, ఇంకా అరగని తిండి.

మరునాడు పొడి పాదాలతో ఎక్కితే 26.8 చూపింది. పాదాలు తడిచేసి ఎక్కితే మరో అంకె. ఆ తరువాత మెషీన్‌తో వచ్చే ఫోన్ యాప్‌లో, బాగా వ్యాయామం చేసేవారి కోసం ఉన్న 'అథ్లెట్ మోడ్' అనే మీట నొక్కి ఎక్కితే 21.3. అదే మనిషి, అదే నిమిషం. ఐదున్నర శాతం కొవ్వు ఒక్క మీటతో మాయమైంది. ఈ యంత్రం కొవ్వును కొలవదు. ఒక పాదం నుంచి మరో పాదానికి సన్నని విద్యుత్తు పంపి, దానికి ఎంత అడ్డు తగిలిందో చూసి, మనం ఇచ్చిన ఎత్తు, వయసులతో కలిపి అంచనా కడుతుంది. ఒంట్లో నీరు తగ్గితే అడ్డు పెరుగుతుంది, కొవ్వు ఎక్కువని చెబుతుంది. పైగా ఆ విద్యుత్తు ప్రధానంగా కాళ్ల గుండానే పోతుంది, నా కొవ్వేమో పొట్టలో ఉంది.

నన్ను మళ్లీ జిమ్‌కు పంపింది 200 పేజీల లాంగ్ నోట్‌బుక్. కోచ్ పోరు పడలేక మొదటి రోజు నుంచీ రాస్తూ వచ్చినదే గాని, వెనక్కి తిప్పి చూసింది మాత్రం అప్పుడే. మొదటి పేజీలో "డెడ్‌లిఫ్ట్ 40 కిలోలు, 5 సార్లు, నడుము పట్టింది" అని నా వంకర రాత. డెడ్‌లిఫ్ట్ అంటే నేల మీది బరువును నిటారుగా నిలబడేదాకా పైకి ఎత్తడం. సంక్రాంతికి ముందు వారం పేజీలో 70 కిలోలు. ఆ రోజు 70కి ముందు 40 కిలోలను వార్మప్‌గా ఎత్తి, దాన్ని రాయడం కూడా దండగనుకుని వదిలేశాను. ఇప్పుడు నా డెడ్‌లిఫ్ట్ 105 కిలోలు. బొడ్డు దగ్గర చుట్టుకొలత 38.5 అంగుళాల నుంచి 36కు దిగింది. బరువు చూస్తే 78.6 నుంచి 77.4, అంతే. నోట్‌బుక్ కూడా ఎల్లకాలం ఉత్సాహం ఇవ్వదు. స్క్వాట్, అంటే భుజాల మీద బరువుతో గుంజీలు, 80 కిలోల దగ్గర ఐదు వారాలు ఆగిపోయినప్పుడు దాన్ని తెరవాలంటేనే చిరాకు వేసింది. జిమ్‌లో అన్నిటికంటే చిన్న ప్లేటు 1.25 కిలోలది, రెండు వైపులా వేస్తే ఒకేసారి 2.5 పెరుగుతుంది, అది మోయలేక, అదే బరువుతో ఐదు సార్లను ఏడు చేసి గట్టెక్కాను.

మరి మెషీన్ కొనవచ్చా? బాగా ఎక్కువ బరువుండి, ముందు అదే తగ్గించుకోవలసినవారికి నాకంటే ఎక్కువ ఉపయోగపడవచ్చు. వారికి మొదటి అంకె చాలు, అది మామూలు మెషీన్ కూడా చూపుతుంది. ఒక అంకె చూసి రోజంతా చిన్నబుచ్చుకునే నా వంటి స్వభావం లేనివారు, నెలల సరళిని మాత్రమే చూడగలిగేవారు రెండో అంకెతోనూ సర్దుకుపోగలరేమో. నేను కొనిపించిన ఇద్దరిలో ఒకరు ఇప్పటికీ సంతోషంగానే వాడుతున్నారు. నేను యాప్ తీసేశాను. వారానికి మూడు రోజులు పరగడుపున ఎక్కి, బరువు చూసుకుని, రెండో అంకె వెలిగేలోపే దిగిపోతాను.