పామ్ త్రీ ఎక్స్‌ఈ: బటన్ నొక్కితే చాలు

అమెరికాలో డాక్టరుగా రెసిడెన్సీ శిక్షణ చేసినన్నాళ్లూ, ఆ తర్వాత కూడా కొన్నేళ్లపాటు, నా తెల్లకోటు జేబులో ఉన్నది 2000లో వచ్చిన పామ్ త్రీ ఎక్స్‌ఈ అనే అరచేతి కంప్యూటర్. తెర ఎంత, మెమరీ ఎంత అన్న లెక్కలు వదిలేస్తున్నాను. నేను దాన్ని ప్రాణంగా చూసుకోవడానికి కారణం ఒక్కటే. బటన్ నొక్కిన మరుక్షణం అది పనికి సిద్ధంగా ఉండేది.

రౌండ్స్‌లో పెద్ద డాక్టరు నడుస్తూనే “నిన్నటి పొటాషియం ఎంత?” అని అడుగుతారు. ఆయన మాట ముగిసేలోగా పామ్ జేబులోంచి బయటికి వచ్చేది. పవర్ బటన్ నొక్కితే, ఇందాక ఏ రోగి మెమో దగ్గర ఆపానో అదే మెమో తెర మీద ఉండేది. కొత్త అంకె రాసి జేబులో వేసుకుంటే పని అయిపోయినట్టే. సేవ్ చేయాలా వద్దా అని అది ఎన్నడూ అడగలేదు. మనం వేసుకున్న ప్రోగ్రాములూ, రాసుకున్నవీ ఒకే మెమరీలో ఉంటాయి. ప్రోగ్రామును ఎక్కడి నుంచో తెచ్చి ఎక్కించాల్సిన అవసరం లేదు, ఉన్నచోటి నుంచే నడుస్తుంది. రాసిన అక్షరం నేరుగా ఆ మెమోలోకే చేరుతుంది. పదహారు మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌తో, రెండు చిన్న సెల్స్‌తో వారాల తరబడి పనిచేసిందంటే ఈ పొదుపు వల్లనే.

ఈ పామ్‌లలో తొలి యంత్రాన్ని రూపొందించిన జెఫ్ హాకిన్స్, అది తయారు కాకముందే అదే కొలతల చెక్కముక్కను చొక్కా జేబులో పెట్టుకుని తిరిగారు. అవసరం పడినప్పుడల్లా దాన్ని బయటికి తీసి, అందులో చూసుకుంటున్నట్టు, రాసుకుంటున్నట్టు చేసేవారు. రోజులో నిజంగా ఏది ఎన్నిసార్లు కావలసి వస్తుందో అలా తేల్చుకున్నారు. 1996లో ఆ తొలి యంత్రం పైలట్ పేరుతో వచ్చినప్పుడు దాని ముందుభాగంలో తేదీలు, చిరునామాలు, చేయాల్సిన పనులు, మెమోలు అన్న నాలుగు అవసరాలకు నాలుగు బటన్లు ఉన్నాయి. నా పామ్‌లోనూ అవే. వాటికి తోడు ఎపోక్రటీస్ మందుల పట్టిక వేసుకున్నాను. రోగి మంచం పక్కనే నిలబడి డోసు సరిచూసుకోవడానికి ఇంతకు మించి ఏమీ అక్కర్లేకపోయింది.

ఒక నైట్ డ్యూటీలో జరిగింది చెప్పాలి. అత్యవసర పిలుపు వచ్చి అందరం ఒకేసారి తలుపు వైపు పరుగెత్తాం. ఆ తోపులాటలో పామ్ కింద పడింది. వెనక మూత ఊడి, సెల్స్ రెండూ మంచాల కిందికి దొర్లిపోయాయి. సెల్స్ మార్చుకోవడానికి ఈ యంత్రం ఇచ్చే గడువు సుమారు ఒక నిమిషం. ఆ కాస్త సేపూ మెమరీని నిలబెట్టే విద్యుత్తు లోపల మిగిలి ఉంటుంది. ఆ తర్వాత అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. రోగికి ఊపిరి నిలబడిందని నమ్మకం కుదిరాక గాని నేను సెల్స్ కోసం వంగలేదు. తిరిగి వేస్తే, తెర మీద గుర్తు చూపించి స్టైలస్‌తో దాని నడిమధ్య తాకమంది. పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్త యంత్రం అడిగినట్టు!

తెల్లవారేదాకా చూసుకోవాల్సిన రోగుల జాబితా అంతా అందులోనే ఉంది. అయితే సాయంత్రం పని పంచుకునేటప్పుడు ఆ జాబితాను తోటి రెసిడెంటుకు ఇన్‌ఫ్రారెడ్ ద్వారా పంపి ఉన్నాను. ఇప్పుడు కారిడార్‌లో ఇద్దరం మళ్లీ పామ్‌లు ఎదురెదురుగా పట్టుకుని నిలబడ్డాం. అతను మెనూలో కేటగిరీ మొత్తాన్ని పంపే ఆజ్ఞను తాకాడు. స్వీకరించాలా అని నా తెర అడిగింది, అవునన్నాను. జాబితా మొత్తం నా దగ్గరికి వచ్చేసింది. తీగ లేదు, పాస్‌వర్డ్ లేదు, రెండు యంత్రాలకూ ముందస్తు పరిచయం అక్కర్లేదు. పొద్దున ఇంటికి వెళ్లి పామ్‌ను కంప్యూటర్‌కు తగిలించి ఉన్న దాని పీటం మీద పెట్టి, రెండింటిలోని వివరాలను ఒకటి చేసే హాట్‌సింక్ బటన్ నొక్కాను. ఫోన్ నంబర్లు, తేదీలు, పాత మెమోలు, విడిగా వేసుకున్న చిన్న చిన్న ప్రోగ్రాములు కూడా కంప్యూటర్‌లోంచి వరసగా వచ్చి కూర్చున్నాయి. పోయినవి నిన్న పొద్దుటి నుంచి రాసుకున్న ఒకటి రెండు మెమోలు మాత్రమే. ఇప్పటి ఫోను మార్చినప్పుడల్లా పడే తిప్పలు చూస్తుంటే, ఆ పొద్దుటి నెమ్మది మళ్లీ ఎక్కడా నాకు దొరకలేదు.

నేను అంతగా మెచ్చుకున్నా, రోగుల జాబితాను అలా పంపుకోవడం ఈ రోజుల్లో కుదరదు, కుదరకూడదు కూడా. 2003లో అమెరికాలో రోగుల సమాచార గోప్యతా నిబంధనలు అమల్లోకి వచ్చాక, ఎవరి చేతికైనా చిక్కగల యంత్రంలో పేర్లతో సహా వివరాలు ఉంచుకోవడం నాకే తప్పనిపించి మానేశాను. ఇంకొకటి, మెరుపువేగానికి మూలమైన ఆ మెమరీయే కరెంటు పోతే ఖాళీ అయ్యే మెమరీ. పీటం దగ్గరికి రోజూ చేరగలిగే వాళ్లకే అది నిశ్చింత. తెలుగు అక్షరాలు నా పామ్‌లో కనిపించేవి కావు. అమ్మ చెప్పిన కూరల కొలతలు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకున్నాను. అది మాత్రం నాకు చివరిదాకా వెలితిగానే ఉండిపోయింది.

నా పనికి చిన్న నోట్సు, నంబర్లు, డోసులు చాలు కనుక ఈ యంత్రం నాకు సరిపోయింది. ఉత్తరాలు, ఫొటోలు జేబులో కావాలనుకునేవాళ్లకు సరిపోదు. ఇప్పుడు పాతవాటిలో ఒకటి కొనుక్కుని చూడాలనిపిస్తే, త్రీ ఎక్స్‌ఈ కన్నా 2005లో వచ్చిన పామ్ జెడ్22 మేలు. దాని మెమరీ ఛార్జింగ్ పూర్తిగా అయిపోయినా నిలుస్తుంది. అయితే పామ్ తెర మీద స్టైలస్‌తో అక్షరాలు రాసే పద్ధతి అయిన గ్రాఫిటీ లిపిలో రెండో రకం అందులో ఉంది. జిరాక్స్ సంస్థ పేటెంట్ దావా తర్వాత 2003లో మార్చిన ఆ లిపిలో ఐ, కె, టి, ఎక్స్ అక్షరాలకు రెండేసి గీతలు గీయాలి. పాత లిపిలో ఒక్క గీతతో టి రాయడానికి అలవాటుపడిన నా చేయి దానికి ఒప్పుకోలేదు. మొదటిసారి పట్టుకునేవాళ్లకు ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు.