ఈస్ట్రోజెన్ జెల్: బీపీ ఉన్న ఒక వినియోగదారు సమీక్ష

ముట్లు ఆగిన తరువాత పగలు వేడి ఆవిర్లతో, రాత్రి చెమటలతో నిద్ర చెడిపోవడంతో, కొన్నేళ్లుగా నేను ఈస్ట్రడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం) జెల్‌నూ, పడుకునే ముందు 100 మిల్లీగ్రాముల మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోన్‌నూ వాడుతున్నాను. రక్తపోటు నాకు అంతకుముందు నుంచే ఉంది. దానికి టెల్మిసార్టాన్ మాత్ర రోజూ వేసుకుంటాను.

మా డాక్టరుగారు ముందు బీపీని అదుపులోకి తెచ్చి, ఆ తరువాతే హార్మోన్ల మాట ఎత్తారు. మాత్ర వద్దని జెల్ రాయడానికి ఆవిడ చెప్పిన కారణం నాకు సబబుగా తోచింది. మింగిన ఈస్ట్రోజెన్ పేగుల నుంచి నేరుగా కాలేయానికి చేరి, అక్కడ బీపీని పెంచే వ్యవస్థకు ముడిసరుకైన యాంజియోటెన్సినోజెన్‌నూ, రక్తాన్ని గడ్డకట్టించే కొన్ని ప్రొటీన్లనూ ఎక్కువగా తయారు చేయిస్తుంది. చర్మం గుండా ఇంకిన మందు ముందు రక్తంలో కలుస్తుంది కనుక ఆ బెడద చాలా తక్కువ. హార్మోన్ మాత్రలతో రొమ్ము క్యాన్సర్, గుండెపోటు ముప్పు పెరిగిందని 2002లో అమెరికాలో వెలువడిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలను చూపి నన్ను భయపెట్టిన బంధువులు ఉన్నారు. అయితే ఆ అధ్యయనంలో ఇచ్చినవి గర్భిణి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్, మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే కృత్రిమ హార్మోన్ కలిసిన మాత్రలు. పాల్గొన్న స్త్రీల సగటు వయసు 63. నేను యాభై దాటిన కొత్తలో మొదలుపెట్టాను, మందూ అది కాదు.

ఆవిర్లు కొద్ది వారాల్లోనే తగ్గుముఖం పట్టాయి. ప్రొజెస్టిరాన్ కాస్త మత్తుగా ఉంటుంది, నిద్రకు అదీ కలిసివచ్చింది. గర్భసంచి లోపొర మందం కాకుండా కాపాడేది అదే. గర్భసంచి తీయించుకున్న మా అక్కకు జెల్ ఒక్కటే రాశారు. ఇంట్లో మిషనుతో చూసుకునే బీపీ పెరగలేదు, తగ్గనూ లేదు. ఇది బీపీ మందు కాదు కాబట్టి, దీన్ని నమ్ముకుని బీపీ మాత్ర మానే ఆలోచన ఎవరూ పెట్టుకోకూడదు.

ఇక ఇబ్బందుల సంగతి. తొడకు రాసిన జెల్ పూర్తిగా ఆరేదాకా బట్ట తగలనివ్వకూడదు, వెంటనే స్నానం చేయకూడదు, రాసిన చోటు పసిపిల్లలకు తగలకూడదు. ఉదయాన్నే మనవరాలు ఒడిలోకి ఎక్కే ఇంట్లో ఇది చెప్పినంత తేలిక కాదు. కొత్తలో రొమ్ములు సలిపాయి, అప్పుడప్పుడు ముట్టులా కొద్దిగా రక్తం కనిపించింది. అవి వాటంతటవే సర్దుకున్నాయి, కానీ రక్తస్రావం ఆరు నెలలు దాటినా ఆగకపోతే స్కాన్ తప్పనిసరి. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, గుండెపోటు, కాళ్లలో రక్తం గడ్డలు వచ్చినవారు ఈ మందు జోలికి సొంతంగా పోరాదు. వారి ఆవిర్లకు హార్మోను లేని మందులూ ఉన్నాయని డాక్టరుగారే చెప్పారు.