సోయా ఐసోఫ్లేవోన్ మాత్రలు: పద్నాలుగు నెలలు వాడిన తర్వాత

విజయనగరం గంటస్తంభం దగ్గరి ఒక మందుల దుకాణంలో కొన్న సోయా ఐసోఫ్లేవోన్ (సోయా గింజల్లో ఉండే, ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోనును పోలిన పదార్థం) మాత్రలను ఎముకల కోసం పద్నాలుగు నెలలపాటు రోజుకొకటి చొప్పున వాడాను. ముప్పై మాత్రల సీసా 540 రూపాయలు; మొత్తం మీద 7,560 రూపాయలు ఖర్చయింది. ఇక్కడ రాస్తున్న లోపాలు ఈ రకం మాత్రలు చాలావాటిలో ఉన్నవే కాబట్టి తయారీదారు పేరు రాయడం లేదు.

వీటి జోలికి వెళ్లడానికి కారణం మా అప్ప. బొబ్బిలిలో వాళ్ల పెరట్లో, నూతి గట్టు దగ్గర కాలు జారి, పడబోతూ అరచెయ్యి ఆనించింది. అంతమాత్రానికే మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరుగారు, నెలసరి నిలిచి మూడేళ్లయిన నన్ను కూడా ఎముకల సాంద్రత చూపించుకోమని గట్టిగా చెప్పారు. విశాఖపట్నం వెళ్లి డెక్సా స్కాన్ తీయించుకుంటే నడుము వెన్నుపూసల దగ్గర టీ స్కోరు మైనస్ 1.8 వచ్చింది. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక పలచబడుతున్నట్టు, మైనస్ 2.5కి చేరినా దాటినా గుల్లబారినట్టు లెక్క. దుకాణదారు "మొక్కల నుంచి తీసినదేనమ్మా, ఎంతకాలమైనా నిశ్చింతగా వాడుకోవచ్చు" అన్నాడు. మొక్కల నుంచి తీసినంత మాత్రాన ఎంతకాలమైనా నిశ్చింతగా వాడవచ్చని కాదు; పైగా ఎముకలకు ఎంత ఉపకరిస్తుందన్న నా ప్రశ్నకు అది జవాబూ కాదు.

మన ఎముక ఒకవైపు కరుగుతూ, మరొకవైపు కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. కరిగించే కణాలకు పగ్గం వేసి ఉంచేది ఈస్ట్రోజన్. నెలసరి నిలిచాక ఆ పగ్గం వదులైపోయి, మొదటి కొన్నేళ్లలో ఎముక త్వరత్వరగా తరిగిపోతుంది. ఈస్ట్రోజన్‌ను బయటినుంచి ఇస్తే ఆ తరుగుదల ఆగుతుంది. అయితే అమెరికాలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే మరో హార్మోను కలిపి ఇచ్చిన పెద్ద పరీక్షను 2002లో మధ్యలోనే ఆపివేయవలసి వచ్చింది. ఎముకలు విరగడం తగ్గినా రొమ్ము క్యాన్సరు, పక్షవాతం వంటివి పెరగడమే అందుకు కారణం. ఆ భయం తర్వాతే ప్రపంచమంతా సోయా వైపు ఆశగా చూసింది. సోయాలోని జెనిస్టీన్, డైడ్జీన్ అనే ఐసోఫ్లేవోన్లు రూపంలో ఈస్ట్రోజన్‌ను పోలి ఉండి, ఒంట్లో దాని గ్రాహకాలకే (కణాల్లో ఆ హార్మోను అతుక్కునే చోట్లకే), ముఖ్యంగా బీటా రకం గ్రాహకాలకు, అతుక్కుంటాయి. కాని వాటి శక్తి అసలు హార్మోను శక్తిలో చాలా కొద్ది భాగం మాత్రమే. పైగా డైడ్జీన్‌ను ఈక్వాల్ అనే మరింత బలమైన పదార్థంగా మార్చే సూక్ష్మజీవులు అందరి పేగుల్లోనూ ఉండవు. కాబట్టి ఒకే మాత్ర ఇద్దరు మనుషుల్లో ఒకేలా పనిచేయదు.

ఇక సీసా మీది లేబుల్ సంగతి. ముందువైపు పెద్ద అక్షరాల్లో "సోయా సారం 125 మిల్లీగ్రాములు" అని ఉంది. వెనక్కి తిప్పి, కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే "40 శాతం ఐసోఫ్లేవోన్లు" అన్న మాట కనిపిస్తుంది. అంటే 125 కాదు, 50 మిల్లీగ్రాములే. ఆ 50 కూడా చక్కెరతో కలిసి ఉన్న రూపంలో తూచినదైతే, ఆ చక్కెర బరువు తీసేయగా మిగిలే అసలు పదార్థం సుమారు 31 మిల్లీగ్రాములు. ఏ రూపంలో తూచారో లేబుల్ మీద ఎక్కడా లేదు. కాల్షియం విషయంలోనూ ఇదే తంతు: "కాల్షియం కార్బొనేట్ 500 మిల్లీగ్రాములు" అని రాశారు గాని, అందులో కాల్షియం 200 మిల్లీగ్రాములే. మా వంటి వయసు స్త్రీలకు రోజుకు 1,200 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు. ఇది చదివిన వారెవరైనా సీసా కొనేముందు ఈ రెండు లెక్కలూ దుకాణంలోనే నిలబడి వేసుకోవాలని నా మనవి.

పరిశోధనలు ఏం చెబుతున్నాయో కూడా ఓపికగా చదివాను. ఇటలీలో ఎముకలు పలచబడిన స్త్రీలకు రోజుకు 54 మిల్లీగ్రాముల శుద్ధ జెనిస్టీన్‌ను రెండేళ్లు ఇచ్చి, 2007లో ప్రకటించిన ఫలితాల్లో వెన్నుపూసల సాంద్రత పెరిగింది. ఈ మాత్రలు అమ్మేవారు సాధారణంగా ఎత్తి చూపేది ఆ ఫలితాన్నే. కాని అక్కడ ఇచ్చింది శుద్ధ జెనిస్టీన్. నా సీసాలో ఉన్నది రకరకాల ఐసోఫ్లేవోన్ల మిశ్రమం. మిశ్రమాన్నే పరీక్షించిన అమెరికా పరిశోధనలో, రోజుకు 200 మిల్లీగ్రాముల చొప్పున రెండేళ్లు ఇచ్చినా ఎముక తరుగుదల ఆగలేదని 2011లో తేలింది. అంతకు ముందు ఏడాది వెలువడిన మరో మూడేళ్ల పరిశోధనలో 80, 120 మిల్లీగ్రాముల మోతాదులు పరీక్షిస్తే, ఎక్కువ మోతాదులో తుంటి ఎముక మెడ దగ్గర మాత్రం స్వల్పంగా మేలు కనిపించింది. వెన్నుకు ఏమీ కాలేదు. నా మాత్రలో ఉన్నది వీటన్నిటికంటే తక్కువ.

పద్నాలుగు నెలల తర్వాత అదే యంత్రం మీద తీసిన స్కాన్‌లో నా స్కోరు మైనస్ 1.9. అంత చిన్న తేడా కొలతలోనే రావచ్చు కాబట్టి దాన్ని నష్టంగా లెక్కించవద్దని డాక్టరుగారు చెప్పారు, లాభంగానూ లెక్కించలేము. రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు వచ్చి చెమటతో తడిసిపోవడం మూడో నెల నుంచి కొంత తగ్గింది. అది మాత్ర వల్లనే అని గట్టిగా అనలేను, ఎందుకంటే కాలం గడిచేకొద్దీ అది దానంతటదే తగ్గడమూ ఉంది.

నన్ను నిజంగా బాధపెట్టింది వేరొకటి. నేను ఎన్నో ఏళ్లుగా ఉదయాన్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. ఈ కొత్త మాత్రను కూడా మరిచిపోకుండా ఉంటుందని దానితోపాటే వేసుకున్నాను. ఆరు నెలల తర్వాత రక్తపరీక్షలో, థైరాయిడ్ హార్మోను చాలనప్పుడు పెరిగే టీఎస్‌హెచ్ బాగా పెరిగింది. ఆ నెలల్లో ఉన్న నీరసాన్ని నేను అప్పటిదాకా వయసుకు ఆపాదించుకుంటూ వచ్చాను. సోయా, కాల్షియం రెండూ థైరాయిడ్ మందును ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుపడతాయి, కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. ఎడం పాటించాక రెండు నెలల్లో సర్దుకుంది. ఇంత ముఖ్యమైన హెచ్చరిక లేబుల్ మీద గాని, లోపలి కాగితంలో గాని ఒక్క ముక్క లేదు. థైరాయిడ్ మాత్ర వేసుకునే ఆడవాళ్లు మన చుట్టూ ఎందరో ఉండగా దీన్ని చిన్న లోపమని నేను అనుకోలేను.

సోయాను ఆహారంగా తీసుకోవడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. షాంఘైలో సోయా వంటకాలు ఎక్కువగా తినే స్త్రీలలో ఎముకలు విరగడం తక్కువగా కనిపించిందని 2005లో ఒక పెద్ద పరిశీలన చెప్పింది. అయితే వాళ్లు దాన్ని చిన్ననాటి నుంచి కంచంలో తిన్నారు, యాభై నాలుగో ఏట సీసాలోంచి మింగలేదు. మన ప్రాంతంలో అంతటి అలవాటు చోళ్లది (రాగులది). వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నా మాత్రలో ఉన్నదానికంటే ఎక్కువే. పొట్టు తీయని నువ్వుల్లో ఇంకా ఎక్కువ గాని, కాల్షియాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్లు అనే పదార్థాల వల్ల అందులో కొంతే ఒంటికి పడుతుంది. చింతపల్లి తీరం నుంచి వచ్చే ఎండు నెత్తళ్లను ముల్లుతో సహా తింటాం కాబట్టి అవీ మంచివే. ఇప్పుడు మా ఇంట్లో పొద్దున్న చోడి అంబలి, వారానికి రెండుసార్లు నెత్తళ్ల ఇగురు, సాయంత్రం కోట చుట్టూ నలభై నిమిషాల నడక, దానితోపాటు డాక్టరుగారు రాసిన విటమిన్ డి.

ఐదుకు రెండు మార్కులు ఇస్తున్నాను. ఆ రెండూ మాత్ర కడుపులో ఇబ్బంది పెట్టనందుకు, ఆవిర్ల విషయంలో కొంత ఊరట ఇచ్చి ఉండవచ్చునన్నందుకు. ఎముకల కోసమైతే కొనమని చెప్పను. రొమ్ము క్యాన్సరు వచ్చి తగ్గినవారు తమ డాక్టరును అడగకుండా ముట్టుకోనే వద్దు. తయారీదారుకు ఉత్తరం రాసి, ఐసోఫ్లేవోన్ల అసలు బరువును, థైరాయిడ్ మందుతో నాలుగు గంటల ఎడం పాటించాలన్న సంగతిని లేబుల్ ముందువైపే ముద్రించమని కోరాను. మా అప్పకు కొనిపెట్టిన రెండు సీసాలను మూత తీయకుండానే దుకాణంలో తిరిగి ఇచ్చేశాను.