మా వీధి నీళ్ళ ట్యాంకర్: ఒక్క స్టార్ రేటింగ్ తీసేసి మూడున్నర ఎందుకిస్తున్నానంటే

బెంగళూరులో మహదేవపుర వైపు ఉండేవాళ్ళకు ట్యాంకర్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మాకు నీళ్ళు పంపే ఆయనకు, ఊళ్ళో నీళ్ళ కరువున్న 2024 మార్చిలో, ఒక్క స్టార్ ఇచ్చి "దోపిడీ, ఎవరూ పిలవకండి" అని రాశాను. అది తీసేసి మళ్ళీ రాస్తున్నాను. పేరు మాత్రం రాయను.

అప్పట్లో నా కోపం ఊరికే వచ్చింది కాదు. మామూలుగా 700 తీసుకునే ఆరువేల లీటర్ల ట్యాంకర్‌కి 1,600 అడిగాడు. జిల్లా అధికారులు అప్పుడే ఆ సైజుకి ఐదు కిలోమీటర్ల లోపు 600, పది లోపు 750 అని రేటు కట్టారు, అది ఫోన్లో చూపించినా వినలేదు. పైగా పొద్దున ఏడింటికి రావాల్సిన లోడు వేరే అపార్ట్‌మెంట్‌కి మళ్ళించాడు, వాళ్ళు ఎక్కువ ఇస్తామన్నారట. వాచ్‌మన్ సంపులోకి కర్ర దించి తీస్తే కింద నాలుగు వేళ్ళ మేర తడి, అంతే. నా దృష్టిలో ఆ రోజు ఆయన దొంగే.

ఏప్రిల్‌లో మా అత్తమ్మ మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చారు. ఆ రాత్రి పదింటికి కుళాయి ఆగిపోయింది. అదే నంబరుకి ఫోన్ చేసి, మూడు వందలు ఎక్కువిస్తాను, ఇప్పుడే పంపండి అని బతిమాలాను. గంటలో వచ్చింది. గొట్టం సంపులో పెడుతూ డ్రైవర్ అన్నాడు, "వెనక పీజీకి పోవాల్సిన లోడు అక్కా ఇది." సరే అని ఫోన్‌పే చేసి పైకెళ్ళిపోయాను. పొద్దున బాల్కనీలోంచి చూస్తే ఆ పీజీ పిల్లలు స్కూటర్ మీద రెండేసి క్యాన్లు మోస్తున్నారు, ఒకబ్బాయి మెడలో ఆఫీసు ట్యాగ్ అప్పటికే ఉంది. నెల క్రితం మా లోడు పట్టుకుపోయిన అపార్ట్‌మెంట్‌లో కూడా ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమో, ఆ ఆలోచనే నాకు అప్పుడు రాలేదు. వాళ్ళు చేస్తే అన్యాయం అన్నాను, నేను చేసినప్పుడు అత్తమ్మ కోసం అనుకున్నాను.

అసలు జయనగర్‌లో కావేరి నీళ్ళొచ్చే అద్దింట్లో ఉన్నప్పుడు ఇలాంటి వార్తలు చదివి పక్కన పడేసేదాన్ని. ఇక్కడ మా పై అంతస్తు అంకుల్ ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం పైపుతో కారు కడిగారు, ఎవరం నోరు మెదపలేదు. తాగునీటితో కారు కడిగితే 5,000 జరిమానా అని వాటర్ బోర్డు చెప్పిన వారంలోనే గ్రూపులో ఆయన్ని నేరస్తుణ్ణి చేసి మాట్లాడాం, నేను కూడా. 2022 సెప్టెంబర్‌లో వరదొచ్చి యమలూరు వైపు జనం ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయినప్పుడు ఈ నీళ్ళు ఎప్పుడు పోతాయా అని మొక్కుకున్నదీ మేమే.

డ్రైవర్‌ది కదిరి దగ్గర పల్లె. తర్వాతొకసారి టీ ఇస్తే నిలబడి మాట్లాడాడు. రాత్రి రెండింటికి బోరు దగ్గర లైన్లో పెడితే నిండేసరికి తెల్లారిపోతుందట. "రెండు గంటలు లేటయితే తిడతారు, మేము ఎంతసేపు నిలబడినామో మీకెట్ల తెలుస్తాది అక్కా" అన్నాడు. అందులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అయినా 1,600 తప్పే, అందులో నా మాట మారదు, ఎందుకంటే ఆ డబ్బు రాత్రంతా నిలబడ్డ అతని చేతికి పోలేదు. లోడు మళ్ళిస్తున్నప్పుడు ఓనర్ ఒక్క ఫోన్ చెయ్యొచ్చు కదా.

ఇప్పుడు 800 తీసుకుంటున్నారు, చెప్పిన టైముకి అరగంట అటూ ఇటూ వస్తున్నారు. బోరు నీళ్ళే, బకెట్లకు తెల్ల మరక పడుతుంది, తాగడానికి పనికిరావు. నగరంలో కలిసిన 110 గ్రామాల కోసమని కావేరి తాగునీటి పథకం ఐదో దశ 2024 అక్టోబర్‌లో మొదలైంది కానీ మా బిల్డింగ్‌కి కనెక్షన్ వచ్చేదాకా ఈ నంబరే దిక్కు. ముందు రోజు సాయంత్రమే చెప్పండి, ఇంట్లో పసిపిల్లలో జబ్బుమనుషులో ఉంటే ఆ మాట కూడా చెప్పండి, వరసలో ముందుకు జరుపుతున్నారు. సంపు బిల్డింగ్ వెనక ఉంటే గొట్టం అందదు, ముందే అడగండి.