పాకాల చెరువు: తాళం వేసిన లాడ్జి, రెక్కలారబెట్టిన పాముమెడ పిట్ట

నీళ్లలో మునిగి చేపలు పట్టే పాముమెడ పిట్టను (డార్టర్) ఫొటో తీద్దామని నర్సంపేట దగ్గరి పాకాల చెరువుకు వెళ్లాం. ముందు లాడ్జి సంగతి చెప్పేస్తా, కడుపుమంట ఇంకా చల్లారలేదు. పాకాలకు దగ్గర పడుతుందని నర్సంపేట వైపు 1,400 పెట్టి గది తీసుకున్నాం. తెల్లవారుజామున నాలుగున్నరకే వెళ్లాలి, తాళం తీసి ఉంచండి అని రాత్రి రెండుసార్లు చెప్పా, "తీస్తాం సార్" అన్నారు. తీరా లేచి కిందికొస్తే షట్టర్‌కు తాళం. ఫోన్ చేస్తే అది కౌంటర్ బల్ల మీదే మోగుతోంది. తాళంచెవి ఉన్న మనిషి ఆరుంబావుకు వచ్చాడు, సారీ అన్న మాట కూడా లేదు. హనుమకొండలో రోజుకు 900 అద్దెకు తెచ్చిన 150-600 ఎం.ఎం. జూమ్ లెన్స్ ఒళ్లో పెట్టుకుని అంతసేపూ మెట్ల మీద కూర్చున్నాం. మా బామ్మర్ది దారంతా నోరు విప్పలేదు.

గణపతిదేవుడి కాలం నాటి ఆ కట్ట ఎక్కేసరికి ఏడు దాటింది. మమ్మల్ని చూడగానే నీటికాకులన్నీ లేచిపోయాయి. ఇక ఇంటికే అనుకుంటుంటే, వల దులుపుకుంటున్న పెద్దాయన ఒకరు పిలిచి "నిలబడితే ఉండయి బిడ్డా, కూసోండ్రి. ఎండెక్కినంక ఆ మోడు మీదికే వస్తది" అన్నాడు.

కూర్చున్నాం. కాదు, నేనైతే బురదలో బోర్లా పడుకున్నా. తొమ్మిదింటికి నీళ్లలోంచి ఒక మెడ మాత్రం లేచింది, అచ్చం పాములా, ఒళ్లంతా నీటి కిందే. ముక్కుకు గుచ్చుకున్న చేపను పైకి ఎగరేసి, తల ముందు వచ్చేలా పట్టి మింగేసింది. దీని ఈకలు నీళ్లు పీల్చుకుంటాయి, వేట అయ్యాక ఒడ్డుకొచ్చి ఆరబెట్టుకోక తప్పదు. సరిగ్గా నలభై అడుగుల దూరంలో, పెద్దాయన చెప్పిన మోడు మీదే రెక్కలు చాపింది. వీపు మీద వెండి గీతలు, ముక్కు చివర వేలాడుతున్న నీటిబొట్టు, అన్నీ కనిపిస్తున్నాయి. నల్లటి పిట్ట కాబట్టి కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే వెలుగు పెంచేసి ఈకల గీతలు పోగొడుతుంది. వెలుగు కాస్త తగ్గించేలా ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 పెట్టండి, ఎగిరేటప్పటికి షటర్ వేగం 1/2000 సెకను ఉండాలి. ఇరవై నిమిషాలు కదల్లేదది, మా బామ్మర్ది కూడా ఊపిరి బిగబట్టే చూశాడు.

పెద్దాయనకు 200 ఇవ్వబోతే తీసుకోలేదు. కెమెరా తెర మీద ఫొటో చూసి "దాని కన్ను గింత పచ్చగుంటదా" అని మళ్లీ చూపించమన్నాడు, నలభై ఏళ్లుగా దాన్ని చూస్తున్న మనిషి.

వెళ్లేవాళ్లు హనుమకొండలోనే పడుకోండి. దాదాపు 50 కిలోమీటర్లు, మూడున్నరకు బయల్దేరినా నయమే. డిసెంబర్‌లో మళ్లీ వెళ్తున్నా, ఆ ఫొటో పెద్ద సైజులో ప్రింట్ తీయించి పట్టుకెళ్తా.